దిండు కింద మైనపు పలకలు

ఎనిమిదో శతాబ్దం చివర నేటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాలను ఏలిన ఫ్రాంకుల రాజు షార్లమేన్ తన పడక మీద, దిండు కింద, మైనం పూసిన రాతపలకలను, చిన్న చిన్న తోలుకాగితపు పుస్తకాలను పెట్టుకుని పడుకునేవాడని, తీరిక చిక్కినప్పుడల్లా వాటిని తీసి అక్షరాలు దిద్దుకునేవాడని, అతని జీవితచరిత్ర రాసిన ఐన్‌హార్ట్ చెప్పాడు. వయసు మళ్లాక మొదలుపెట్టిన ఆ విద్య రాజుకు పెద్దగా పట్టుబడలేదని కూడా దాచకుండా రాశాడు. ఐన్‌హార్ట్ ఆ ఆస్థానంలోనే చాలా ఏళ్లు గడిపినవాడు, రాజంటే ఎంతో కృతజ్ఞత ఉన్నవాడు. రాజు ఎత్తయిన రూపాన్ని, గుర్రపుస్వారీని, ఈతలో అతనికి సాటి లేకపోవడాన్ని ముచ్చటగా వర్ణించిన మనిషి ఈ ఒక్క ఓటమిని మాత్రం ఎందుకు బయటపెట్టాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. పిరనీస్ పర్వతాల నుంచి ఎల్బే నది దాకా, ఉత్తర సముద్రం నుంచి రోమ్ దాకా మాట చెల్లించుకున్న చక్రవర్తికి తన వేళ్ల మధ్యనున్న ఘంటం మాత్రం లొంగలేదు.

నేను ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రూఫులు దిద్ది బతుకుతున్నవాణ్ణి. మా చిన్నమ్మాయి జర్మనీలోని ఆఖెన్‌లో ఇంజనీరింగు చదువుతోంది; తెలుగు పిల్లలు చాలామందే ఉండే ఊరు అది. రెండేళ్ల కిందట ఆమెను చూడటానికి వెళ్లినప్పుడు, షార్లమేన్ కట్టించిన ఎనిమిది పలకల ప్రార్థనాలయంలో గంటన్నర సేపు నిలబడిపోయాను. అప్పటినుంచి ఈ రాజు నన్ను వదలలేదు. అతని గురించి దొరికినంత చదివాను. చదివిన కొద్దీ నాకు ఒకే మాట పదేపదే తగిలింది. అతని శాసనాల్లో, ఉత్తరాల్లో, అతని కొలువులోని పండితుల రాతల్లో ఎక్కడ చూసినా 'దిద్దాలి', 'సరిచేయాలి' అన్న లాటిన్ క్రియలే కనిపిస్తాయి. చరిత్రకారులు ఆ కాలాన్ని సాంస్కృతిక పునరుజ్జీవనం అంటుంటారు. ఆ మాటలో అవసరానికి మించిన వెలుగు ఉందని నా అభిప్రాయం. దాన్ని దిద్దుబాటు కాలం అనడం న్యాయం. మన భాషలో ఆ మాటకు ఎన్ని అర్థాలున్నాయో చూడండి: పసివాడు పలక మీద ఓనమాలు దిద్దుతాడు, పంతులు తప్పులు దిద్దుతాడు, ఇల్లాలు సంసారాన్ని చక్కదిద్దుతుంది, పెద్దలు దారి తప్పినవాణ్ణి దిద్దుతామంటూ బెత్తం అందుకుంటారు. షార్లమేన్ పాలనలో ఈ అర్థాలన్నీ ఒకేచోట ఉన్నాయి. పుస్తకాలను దిద్దించిన రాజునూ, ఉత్తర జర్మనీలోని సాక్సన్ జాతివారి తలలు నరికించిన రాజునూ విడదీసి, ఒకణ్ణి మెచ్చుకుని మరొకణ్ణి కాలం మీదికి నెట్టేయడం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

అతని జీవితంలోని ముఖ్యఘట్టాలను త్వరగా చెప్పుకుందాం. 748 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి పిప్పిన్ 751లో, అంతవరకు ఫ్రాంకులను ఏలిన మెరోవింజియన్ వంశపు చివరి రాజును మఠానికి పంపి తాను రాజయ్యాడు. 754లో పోపు రెండో స్టీఫెన్ ఆల్ప్స్ దాటి వచ్చి పిప్పిన్‌నూ, చిన్నపిల్లలైన అతని కొడుకులిద్దరినీ పవిత్ర తైలంతో అభిషేకించాడు. 768లో తండ్రి పోయాక రాజ్యం అన్నదమ్ములిద్దరికీ పంచబడింది; 771లో తమ్ముడు కార్లొమాన్ మరణించడంతో మొత్తం షార్లమేన్ చేతికి వచ్చింది. 774లో పావియా నగరాన్ని లొంగదీసుకుని ఇటలీలోని లొంబార్డుల రాజు కూడా అయ్యాడు. 788లో బవేరియా పాలకుడైన తన జ్ఞాతి తస్సిలోను తొలగించాడు. 790లలో డాన్యూబ్ తీరంలోని అవార్లనే జాతివారి కోటను కొల్లగొట్టి బండ్లకొద్దీ బంగారం తెచ్చాడు. 800 డిసెంబరు 25న రోమ్‌లో పోపు మూడో లియో అతని తల మీద చక్రవర్తి కిరీటం పెట్టాడు. 814 జనవరి 28న ఆఖెన్‌లో కన్నుమూశాడు. పాఠ్యపుస్తకాలు ఈ కిరీటం దగ్గరే ఎక్కువసేపు ఆగుతాయి గానీ, 806లో తన ముగ్గురు కొడుకులకూ రాజ్యాన్ని పంచుతూ రాయించిన పత్రంలో చక్రవర్తి బిరుదు ఎవరికి చెందాలో అతడు చెప్పనే లేదు. ఇద్దరు కొడుకులు ముందే పోయి లూయీ ఒక్కడే మిగిలాక, 813లో ఏ పోపునూ పిలవకుండా ఆఖెన్‌లోనే ఆ కిరీటాన్ని అతనికి అప్పగించాడు. తండ్రి పోయిన ఇరవై తొమ్మిదేళ్లకు, 843లో, వెర్డన్ ఒప్పందంతో మనవలు ఆ సామ్రాజ్యాన్ని మూడు ముక్కలు చేసుకున్నారు. భూమి అలా పోయింది. పోకుండా నిలిచినదాని గురించే నాకు చెప్పాలని ఉంది.

789లో అతడు వెలువరించిన ఒక సుదీర్ఘమైన ఆజ్ఞాపత్రం ఉంది. అందులో నా వృత్తిలో ఉన్నవాళ్లంతా గోడకు అతికించుకోదగిన కొన్ని వాక్యాలున్నాయి. ప్రతి మఠంలోనూ, ప్రతి బిషప్ స్థానంలోనూ కీర్తనలు, గానం, కాలగణితం, వ్యాకరణం నేర్పాలని, బానిసల పిల్లలనే కాక స్వతంత్రుల పిల్లలను కూడా చేర్చుకోవాలని చెబుతూ, పుస్తకాలను బాగా దిద్దండి, దేవుణ్ణి సరిగ్గా ప్రార్థించాలని కోరుకునే మనుషులు కూడా తప్పుల పుస్తకాల వల్ల తప్పుగా ప్రార్థిస్తున్నారు అంటాడు. మీ దగ్గర చదువుకునే పిల్లలు చదువుతూ, రాస్తూ వాటిని పాడుచేయకుండా చూడండి. సువార్తనో, కీర్తనల గ్రంథాన్నో ఎత్తి రాయవలసి వస్తే ఆ పని వయసు వచ్చినవాళ్లు శ్రద్ధగా చేయాలి అని కూడా అంటాడు. పన్నెండు వందల ఏళ్ల కిందట ఒక యోధుడి ఆస్థానం నుంచి ఇలాంటి మాట రావడం నన్ను కదిలించింది. అచ్చుతప్పు అంటే కాగితం మీది మచ్చ మాత్రమే అనుకునేవారికి ఈ ఆందోళన అర్థం కాదు.

ఆ ఆందోళనకు ఆధారం లేకపోలేదు. షార్లమేన్ పుట్టడానికి ఒకటి రెండేళ్ల ముందు, బవేరియాలో లాటిన్ రాని ఒక మతాచార్యుడు బాప్తిస్మం ఇస్తూ 'తండ్రి పేరట, కుమారుని పేరట' అనవలసినచోట విభక్తులు తప్పి, 'మాతృభూమి పేరట, కుమార్తె పేరట' అని అర్థం వచ్చేలా పలికేవాడట. అలా బాప్తిస్మం పొందినవాళ్లకు మళ్లీ ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న రోమ్ దాకా వెళ్లింది. అతడు తప్పు పలికింది భాష రాక గానీ విశ్వాసం లేక కాదు, మళ్లీ అక్కర్లేదని పోపు జకరియా తీర్పు చెప్పాడు. ఎంత ఉదారమైన తీర్పు! షార్లమేన్ మాత్రం అక్కడితో తృప్తి పడే మనిషి కాడు. విభక్తి తప్పితే ప్రార్థన తప్పుతుంది, ప్రార్థన తప్పితే రాజ్యానికి దైవానుగ్రహం తప్పుతుంది, కాబట్టి వ్యాకరణం రాజు బాధ్యత అన్నది అతని తర్కం.

ఆ తర్కం నుంచే ఒక కొత్త లిపి బలం పుంజుకుంది. అంతకు ముందు ఫ్రాంకుల దేశంలో ఒక్కో మఠానిది ఒక్కో చేతిరాత; అక్షరాలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి, మాటకూ మాటకూ మధ్య చోటు లేక, పక్క మఠంవాడికే చదవడం కష్టమయ్యేది. 770లలో ఉత్తర ఫ్రాన్స్‌లోని కోర్బీ మఠంలో, మౌర్‌డ్రామ్నుస్ అనే మఠాధిపతి కాలంలో, గుండ్రంగా, విడివిడిగా, తేటగా ఉండే చిన్న అక్షరాలతో ఒక బైబిలును రాశారు. ఆ తరహా రాత క్రమంగా రాజ్యమంతటా వ్యాపించింది. మాటల మధ్య ఖాళీ నిలకడగా వచ్చింది, వాక్యం మొదట పెద్ద అక్షరం వచ్చింది, ప్రశ్నార్థకం కూడా ఆ కాలపు రాతప్రతుల్లోనే మొదట కనిపిస్తుంది. రాజు ఆ లిపిని కనిపెట్టలేదు. కనిపెట్టడం మాట అటుంచి, దాన్ని రాయడమే అతనికి చేత కాలేదు. అయితే సరైన ప్రతి కావాలని ఆజ్ఞాపించి, దానికి డబ్బు, మనుషులు, గొర్రెల చర్మాలు సమకూర్చిన అధికారం అతనిది. తూర్ నగరపు మఠంలో తయారైన ఒక్కో పూర్తి బైబిలుకు రెండు వందలకు పైగా గొర్రెల చర్మాలు పట్టేవంటే, ఈ దిద్దుబాటు ఎంత ఖరీదైన వ్యవహారమో ఊహించవచ్చు.

800కు ముందరి లాటిన్ రాతప్రతులు, ముక్కలతో కలిపి, సుమారు 1,800 మిగిలాయి. ఆ తర్వాతి ఒక్క తొమ్మిదో శతాబ్దానివే సుమారు 7,000 ఉన్నాయి. సీజరు తన యుద్ధాల గురించి రాసుకున్నది, లుక్రీషియస్ కావ్యం, విట్రూవియస్ వాస్తుగ్రంథం మనదాకా రావడానికి ఆ కాలపు ప్రతులే ఆధారం. పదిహేనో శతాబ్దంలో ఇటలీ పండితులు మఠాల అటకల మీద ఈ ప్రతులను చూసి, అంత తేటగా ఉన్న లిపి ప్రాచీన రోమన్లదే అయి ఉంటుందని పొరబడి, దాన్నే అనుకరించారు. అచ్చుయంత్రం వచ్చాక పోత అక్షరాలు ఆ నమూనాలోనే పోశారు. ఇవాళ ప్రపంచంలో సగం మంది తెర మీద చూసే చిన్న లాటిన్ అక్షరాలు అవే. నా పక్క బల్ల దగ్గర ఇంగ్లిషు ప్రూఫులు చూసే మిత్రుడి కళ్ల ముందు రోజంతా ఉండేది, దిండు కింద పలక పెట్టుకుని పడుకున్న ఆ రాజు కాలపు చేతిరాతే.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే ఈ వ్యాసం హాయిగా ముగిసేది. కానీ 789 నాటి ఆ ఆజ్ఞాపత్రపు పీఠికలోనే ఒక పేరు ఉంది. బైబిలులోని యోషీయా రాజు లాగే తానూ తిరుగుతూ, దిద్దుతూ, హెచ్చరిస్తూ రాజ్యాన్ని నిజమైన దేవుని ఆరాధన వైపు మళ్లించడానికి ప్రయత్నిస్తున్నానని షార్లమేన్ అందులో చెప్పుకున్నాడు. యోషీయా కథ తెలిసినవారికి ఆ పోలిక గుండెల్లో గుచ్చుకుంటుంది. దేవాలయంలో మరుగునపడిన ధర్మశాస్త్ర గ్రంథం ఆ రాజుకు దొరుకుతుంది; దాన్ని చదివించి విని, బట్టలు చింపుకుని దుఃఖిస్తాడు; వెంటనే లేచి దేశంలోని దేవతాస్తంభాలను నరికించి, బలిపీఠాలను పడగొట్టి, ఆ పూజారులను వాటి మీదే చంపిస్తాడు. దొరికిన పుస్తకమూ, దూసిన కత్తీ ఒకే కథలో, ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. షార్లమేన్ తనకు ఆదర్శంగా ఎంచుకున్నది ఆ మనిషిని.

772లో, అంటే ఒంటరిగా రాజ్యమేలడం మొదలైన మరుసటి వేసవిలోనే, అతడు సాక్సన్ల మీదికి వెళ్లి, వాళ్లు పూజించే ఇర్మిన్‌సూల్ అనే పవిత్ర స్తంభాన్ని ధ్వంసం చేశాడు. ఆ యుద్ధం విడతలు విడతలుగా 804 దాకా సాగింది. 782లో జూంటెల్ కొండల దగ్గర సాక్సన్లు ఫ్రాంకుల సేనను చిత్తుగా ఓడించి, అతని ఇద్దరు ముఖ్యులను, నలుగురు ప్రభువులను చంపారు. రాజు స్వయంగా బయలుదేరి అల్లర్ నది ఒడ్డున ఫెర్డెన్ దగ్గర దిగాడు. తిరుగుబాటుకు నాయకుడైన విడుకింట్ అప్పటికే డేన్‌ల దేశానికి పారిపోయాడు. మిగిలిన సాక్సన్ పెద్దలు తమవాళ్లలో 4,500 మందిని పట్టి అప్పగించగా, ఒక్కరోజులో అందరి తలలూ నరికించాడు. ఇది శత్రువులు కట్టిన కథ కాదు, ఫ్రాంకుల రాజాస్థానపు వార్షిక వృత్తాంతంలోనే ఉంది. ఆ సంఖ్య ఎక్కువ చేసి రాసినదేమోనని కొందరు చరిత్రకారుల అనుమానం. అనుమానం నిజమే అయినా నాకు ఊరట కలగదు: ఆస్థానం తన రాజు గొప్పతనానికి సరిపడే సంఖ్యగా దాన్ని ఎంచుకుందంటే అది ఇంకో రకంగా భయంకరం. దిండు కింద పలకలను గుర్తుపెట్టుకున్న ఐన్‌హార్ట్ మాత్రం ఫెర్డెన్ మాట ఎత్తనే లేదు. ఏది దాచాలో ఆయనకు బాగా తెలుసునని అప్పుడు నాకు అర్థమైంది.

785లో విడుకింట్ లొంగిపోయి అత్తిన్యీలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ప్రాంతంలోనే సాక్సన్ల కోసం ఒక శాసనం వెలువడింది. బాప్తిస్మం తీసుకోకుండా దాక్కుంటే మరణశిక్ష; క్రైస్తవాన్ని ధిక్కరించి ఉపవాస దినాల్లో మాంసం తింటే మరణశిక్ష; చనిపోయినవాళ్లను తమ పాత ఆచారం ప్రకారం దహనం చేస్తే మరణశిక్ష. దహనం అన్న మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మా నాన్నగారి చితికి నిప్పు పెట్టిన చేయి ఇది. తండ్రికి చేయవలసిన చివరి పని చేసినందుకు ఒక కొడుకును చంపవచ్చునని రాసినవాళ్లు ఎంత శుద్ధమైన లాటిన్‌లో రాస్తే మాత్రం ఏం?

ఆ కాలమే అంత, అప్పటి మనుషులను ఇప్పటి కొలతలతో కొలవకూడదు అనేవారు ఉంటారు. ఆ వాదం నేను చాలాసార్లు విన్నాను, కొంతకాలం నమ్మాను కూడా. దాన్ని నాలో కూల్చినవాడు ఆ కాలపు మనిషే, ఆ రాజు అభిమానించిన గురువే. ఇంగ్లండులోని యార్క్ నుంచి వచ్చిన ఆల్క్విన్‌ను షార్లమేన్ 781లో పార్మా నగరంలో కలుసుకుని తన కొలువుకు ఆహ్వానించాడు. రాజుకూ, అతని పిల్లలకూ చదువు చెప్పింది, 789 ఆజ్ఞాపత్రం వెనుక చాలామటుకు ఉన్నది ఆయనే. 796లో ఆయన రాజుకూ, కొలువులోని పెద్దలకూ వరుసగా ఉత్తరాలు రాశాడు. విశ్వాసం మనిషి ఇష్టంతో కలిగేది, బలవంతంతో కలిగేది కాదు. ఒకణ్ణి బాప్తిస్మానికి లాక్కురావచ్చు గానీ విశ్వాసానికి లాక్కురాలేం అన్నది ఆ ఉత్తరాల సారాంశం. సాక్సన్ల దగ్గర పంటలో పదో వంతును వసూలు చేయడంలో చూపిన పట్టుదలను క్రీస్తు బోధను చెప్పడంలో చూపి ఉంటే, వాళ్లు బాప్తిస్మం నుంచి పారిపోయేవారు కారేమోనని కూడా ఆయన రాశాడు. కాబట్టి ఆ కాలంలో వేరే కొలత లేకపోలేదు. ఆ కొలత రాజు బల్ల మీదికే, రాజు మెచ్చిన చేతిరాతలోనే వచ్చి చేరింది. 797లో వచ్చిన కొత్త సాక్సన్ శాసనంలో చాలా నేరాలకు చావు పోయి జరిమానాలు వచ్చాయి. అయినా 804లో, ఎల్బే నదికి రెండు ఒడ్డులా ఉన్నవారిలో పదివేల మందిని పెళ్లాంపిల్లలతో సహా పెళ్లగించి, గాల్, జర్మనీ దేశాల్లో అక్కడక్కడా చెల్లాచెదురుగా దించారని ఐన్‌హార్టే చెబుతాడు. గురువు మాట శిష్యుడి చెవికి సగమే ఎక్కింది.

రాజ్యమంతా అతడు కత్తితోనే నడిపాడని చెప్పడం లేదు. 792, 793 కరవు తర్వాత 794లో ఫ్రాంక్‌ఫర్ట్ సభలో అతడు ధాన్యం ధరలు కట్టాడు: ఒక కొలత ఓట్స్ ధాన్యం ఒక డెనారియస్ వెండి నాణెం, బార్లీ రెండు, రై మూడు, గోధుమలు నాలుగు; పంట పండినా ఎండినా అంతకు మించి అమ్మకూడదు. పౌను వెండికి 240 నాణేలన్న అతని లెక్క ఇంగ్లండులో 1971 దాకా బతికింది. తన ఎస్టేట్ల నిర్వహణకు వేయించిన శాసనంలో, ద్రాక్షపళ్లను కాళ్లతో తొక్కకూడదని, అంతా శుభ్రంగా జరగాలని కూడా ఉంది. ఈ వివరాలు చదువుతున్నప్పుడు, ఇంటి యజమాని తెల్లవారుజామునే లేచి గాదెలు, గొడ్లచావిడి, వంటిల్లు తిరిగి చూసుకుంటున్నట్టు అనిపిస్తుంది. నాకు అతని మీద ఇష్టం కలిగేది ఈ పుటల్లోనే. కానీ ఆ ఇష్టం వెనకే భయం కూడా నడుస్తుంది. గాదెను చక్కదిద్దే చూపుతోనే అతడు మనుషులనూ చూశాడు.

ఆఖెన్ ప్రార్థనాలయపు మేడ మీద అతని పేరుతో ఉన్న సింహాసనం నగిషీలేవీ లేని పాలరాతి పలకలను కంచు బద్దెలతో బిగించినది. 936 నుంచి 1531 దాకా జర్మన్ రాజులు పట్టాభిషేకమయ్యాక దాని మీదే కూర్చున్నారు. దాని పక్కపలక మీద గీసి ఉన్న గళ్లను గైడు చూపించగానే మా అమ్మాయి, "నాన్నా, ఇది మన దాడి ఆట కదా!" అంది. నిజంగానే అది మూడు చతురస్రాల దాడి పటం. ఆ రాయి సింహాసనం కాకముందు ఏ సైనికులో కాలక్షేపానికి గీసుకుని ఉంటారంటారు. పొద్దుపోక దాడి ఆడుకున్న ఆ పేరు లేని మనుషులు, ఆ పూట నాకు కిరీటాలన్నింటికంటే దగ్గరివాళ్లనిపించారు.

936లో ఆ సింహాసనం మీద మొదట కూర్చున్న ఒట్టో సాక్సన్ వంశం వాడు; తల్లివైపు నుంచి విడుకింట్ సంతతి. చంపించినవాడి ఆసనం మీద చచ్చినవాళ్ల వారసుడు ఫ్రాంకుల దుస్తులు వేసుకుని కూర్చున్నాడు. దీన్ని చూపించి, చివరికి అంతా మంచికే జరిగిందనేవారున్నారు. నాకు అలా తోచదు. మునిమనవల వైభవం ముత్తాతల మెడలను అతికించలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎవరికి కావలసిన షార్లమేన్‌ను వాళ్లు తయారుచేసుకున్నారు. 1165లో బార్బరోసా చక్రవర్తి అతణ్ణి పునీతుడిగా ప్రకటింపజేశాడు. నెపోలియన్ తాను అతని వారసుణ్ణన్నాడు. 1935లో నాజీలు ఫెర్డెన్ దగ్గర 4,500 రాళ్లు నిలిపి అతణ్ణి సాక్సన్ల హంతకుడన్నారు, కొన్నేళ్లకే మాట మార్చి తమ సామ్రాజ్యానికి మూలపురుషుణ్ణి చేసుకున్నారు. 1950 నుంచి ఆఖెన్ నగరం యూరప్ ఐక్యతకు పాటుపడినవారికి అతని పేరిట బహుమతి ఇస్తోంది. నేను ఫెర్డెన్ దగ్గరి ఆ రాళ్ల మధ్య దారిలో నడిచాను. నిలబెట్టినవాళ్ల ఉద్దేశం నీచమైనదని తెలిసి కూడా, ఆ రాళ్లను లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. ఎనభై దాటాక లెక్క తప్పింది.

దిద్దడంలో దాగిన ప్రమాదాన్ని నేను పుస్తకాల్లో మాత్రమే నేర్చుకోలేదు. పాతికేళ్ల కిందట ఒక వారపత్రికలో పనిచేస్తున్నప్పుడు, కరీంనగర్ వైపు నుంచి ఒక యువ రచయిత పంపిన కథను ప్రూఫులో దిద్దాను. 'పోయిండు' అన్నచోటల్లా 'వెళ్లాడు' అని, 'వచ్చిండు' అన్నచోటల్లా 'వచ్చాడు' అని మార్చాను. కథలోని ముసలమ్మ మాటలను కూడా వదలలేదు. పత్రిక భాష అదేనని నాకు నేర్పారు, నేనూ నమ్మాను, మంచి పని చేశాననే అనుకున్నాను. కథ అచ్చయ్యాక ఆ అబ్బాయి ఉత్తరం రాశాడు. మా నాయనమ్మ అన్న మాటలను మీరు తప్పులని ఎట్ల అనుకున్నరు సార్ అన్న ఒక్క వాక్యమే అందులో ఉంది. కోపం లేదు. ఆ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు, ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. ఒక కథలో క్రియలు మార్చడాన్ని ఫెర్డెన్ పక్కన పెట్టి తూచడం లేదు. మరణించినవారిని అలా అవమానించను. కానీ ఎదుటివాడి నోట్లోని మాటే తప్పని నమ్మే మనసు ఎక్కడ మొదలవుతుందో నాకు ఆ ఉత్తరం చూపించింది.

షార్లమేన్ దిద్దుబాటుకు ఒక వింత ఫలితం కూడా ఉంది. పండితులు లాటిన్‌ను పాత వ్యాకరణానికి సరిపెట్టి, రాసింది రాసినట్టు పలకడం నేర్పిన కొద్దీ, గుడిలో చదివేది ఊళ్లోవాళ్లకు మరింత దూరమైంది. అంతవరకు తాము మాట్లాడేది కూడా లాటినే అనుకున్నవారికి, అది వేరే భాష అని తెలిసివచ్చింది. 813లో, రాజు బతికుండగానే, అతని ఆజ్ఞతో తూర్‌లో సమావేశమైన బిషప్పులు, ప్రసంగాలను అందరికీ అర్థమయ్యేలా పల్లెటూరి రోమన్ భాషలోకో, జర్మన్ జనుల భాషలోకో మార్చి చెప్పాలని తీర్మానించారు. 842లో అతని మనవలిద్దరు స్ట్రాస్‌బర్గ్‌లో సేనల ఎదుట ఒకరి సైన్యానికి తెలిసిన భాషలో మరొకరు ప్రమాణం చేశారు. ఆ మాటలను మరో మనవడు నిథార్ట్ ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టాడు. ఫ్రెంచి భాష మనకు మొదటగా వినిపించేది ఆ వాక్యాల్లోనే. గ్రాంథికానికీ వాడుకభాషకూ మధ్య మన తాతలు చేసిన పోరాటం తెలిసినవాళ్లకు 813 నాటి ఆ తీర్మానం పరాయిగా అనిపించదు.

షార్లమేన్‌కు సొంతభాష మీద ప్రేమ లేకపోలేదు. అతని తల్లిభాష లాటిన్ కాదు, ఫ్రాంకుల భాష. నెలలకు ఆ భాషలో పేర్లు పెట్టాడు: జనవరి చలినెల, జూలై ఎండుగడ్డి నెల, అక్టోబరు ద్రాక్షకోత నెల. తన భాషకు వ్యాకరణం రాయించడం మొదలుపెట్టాడు. పూర్వపు రాజుల పోరాటాలను గానం చేసే ప్రాచీన గీతాలను రాయించి, మరుగునపడకుండా భద్రపరిచాడు. ఇదంతా ఐన్‌హార్ట్ చెప్పిందే. ఆ వ్యాకరణమూ లేదు, ఆ గీతాల సంపుటమూ లేదు. కొడుకు లూయీకి చిన్ననాట నేర్చుకున్న అన్యమత గీతాలంటే గిట్టేది కాదని, వాటిని చదవడానికి గానీ వినడానికి గానీ ఇష్టపడేవాడు కాదని అతని చరిత్రకారుడు రాశాడు. దిద్దిన లాటిన్ పుస్తకాలు వేలకొద్దీ మిగిలాయి. రాజు చెవిలో చిన్ననాడు పడిన పాటలు మిగలలేదు.

అలాంటి పాట ఒకటి మాత్రం జర్మన్ భాషలో దొరికింది. 830 ప్రాంతంలో ఫుల్డా మఠానికి చెందిన ఇద్దరు లేఖకులు, ఒక లాటిన్ మతగ్రంథపు మొదటి ఆకు, చివరి ఆకు ఖాళీగా ఉండటం చూసి, వాటి మీద హిల్డెబ్రాండ్ అనే ముసలి యోధుడి పాటను రాసుకున్నారు. అక్షరాలు చాలావరకు షార్లమేన్ కాలపు గుండ్రని అక్షరాలే. ముప్పై ఏళ్లుగా ఇల్లు విడిచి తిరిగిన తండ్రి, రెండు సేనల మధ్య, తానెవరో నమ్మని కొడుకుకు ఎదురుపడతాడు. నేను నీ తండ్రినని చెప్పి, చేతికున్న బంగారు కడియం తీసి ఇవ్వబోతాడు. కొడుకు నమ్మడు. ఈటెలు విసురుకుంటారు, డాళ్లు ముక్కలయ్యేదాకా కొట్టుకుంటారు. అక్కడికి ఆకు అయిపోయింది, పాట ఆగిపోయింది.